దుప్పటి రెండో కొస

ఆ వీధిలో బాలింతలందరికీ ఆమెని చూస్తే కుళ్ళు. మిగతావాళ్ళు కళ్ళు వాచిపోయి, జుట్టు రేగిపోయి, పలకరిస్తే కస్సుమంటూ ఉంటే, ఈమె పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని, పిల్ల గుడ్డలు ఉతికి తీగె మీద ఆరేసేది. కొసకి కొస కలిపి, మధ్యలో వేలెడు సందు వదిలి. ముఖంలో విసుగు ఉండేది కాదు. నవ్వు కూడా ఉండేది కాదు గానీ, ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

"మా కోడలికి రాత్రంటే లెక్కే లేదమ్మా" అని అత్త చెప్పుకునేది.

అత్త ముందుగదిలో కిటికీ దగ్గర కూర్చుని చొక్కాలకి గుండీలు కుట్టేది. కంపెనీవాళ్ళు చొక్కాలు కట్టలుగా తెచ్చి పడేసేవాళ్ళు. సూది దాని దారిన అది, నోరు దాని దారిన అది నడిచేవి. పక్కింటావిడ గుమ్మానికి ఆనుకుని వినేది.

కోడలు పెద్దాసుపత్రి లాండ్రీలో ఎన్నో ఏళ్ళు రాత్రి డ్యూటీ చేసింది. అక్కడివాళ్ళు ఆమెకి గుడ్లగూబ అని పేరు పెట్టారు. తెల్లవార్లూ నిలబడి దుప్పట్లు మడవడం, ఇంటికొచ్చి వంట చేయడం, మధ్యాహ్నం ఎవరూ తలుపు కొట్టకపోతే ఒక కునుకు తీయడం, కొడితే అదీ లేదు. ఆ పేరుకి ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. తోటివాళ్ళు నిలబడ్డచోటే తూలిపోయే వేళ తను నిటారుగా ఉండటం గొప్పగానే ఉండేది. "నిద్రదేముంది, మనం అలవాటు చేసుకుంటేనే అలవాటవుతుంది" అని కొత్తగా చేరినవాళ్ళకి చెప్పేది కూడా.

అందుకని పిల్ల పుట్టాక రాత్రిళ్ళు ఎవరు లేవాలన్న మాటే రాలేదు. రాత్రి ఆమెకి అలవాటు, కాబట్టి రాత్రి ఆమెది. పగలు ఇంట్లోనే ఉంటుంది, కాబట్టి పగలూ ఆమెదే. భర్తది లిఫ్టులు బాగుచేసే పని. నిద్ర చాలక చెయ్యి వణికితే లిఫ్టు గోతిలో పడతానని భయం. పరుపు చుట్టుకుని ముందుగదిలోకి మారిపోయాడు. "నీకలవాటేగా" అన్నాడు పోతూ. వెటకారానికి కాదు, మెచ్చుకోలుగానే అన్నాడు.

ఆమె సరే అంది. ఈమధ్య అన్నిటికీ సరే అనే అంటోంది.

అలవాటు మాట అబద్ధం కాదు. కాకపోతే పూర్వం నిద్ర వస్తే ఆపుకునేది, ఇప్పుడు రమ్మన్నా రావడం లేదు. పిల్ల పడుకున్నాక పక్కనే వాలి కళ్ళు మూసుకునేది. రెప్పల వెనకాల తెల్లటి దుప్పట్లు ఒకదాని వెంట ఒకటి వస్తూ ఉండేవి. వాటిని మడవడమే పని. పిల్ల ఏడిస్తే లేచి పాలిచ్చేది. పాలు తాగుతుంటే పిల్ల ముఖంలోకి చూసేది. ఎవరిదో వస్తువు దాచిపెడుతున్నట్టు ఉండేది. జాగ్రత్తగా చూసుకోవాలి, మళ్ళీ ఎప్పుడో అప్పగించాలి. అంతే.

ఒకరోజు పొద్దున పదకొండు దాటాక ఆరిన బట్టలు తెచ్చి మంచం మీద పోసింది. పిల్లని మంచం చివర పడుకోబెట్టింది. మడవడం మొదలుపెట్టింది. లాండ్రీలో చిన్న గుడ్డలు ఒక్కరే మడుస్తారు, దుప్పట్లయితే ఇద్దరు కావాలి. చిన్న గుడ్డలకి ఆమె చూపు అక్కర్లేదు. అరచేత్తో ముడత తీయడం, మూల లోపలికి, మళ్ళీ మూల లోపలికి, తిరగేసి తట్టడం, దొంతిలో పెట్టడం. ముందుగదిలో అత్త ఎవరి సంగతో చెబుతోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. దొంతులు తీసి గోడ అలమరలో పెట్టింది. ఖాళీ అయిన మంచం దులిపింది.

పిల్ల లేదు.

అటూ ఇటూ చూసింది. మంచం కింద చూసింది. అత్త తీసుకెళ్ళిందేమో అనుకుని గుమ్మం దాకా వెళ్ళి చూసింది. అత్త ఒళ్ళో చొక్కా ఉంది. వెనక్కి వచ్చి నిలబడి, దొంతి ఒకటి కొంచెం ఎత్తుగా ఉందని అలమర వైపు చూసింది. లాండ్రీలో దొంతి ఎగుడుదిగుడుగా ఉంటే వెంటనే కంటబడుతుంది.

పిల్ల అక్కడుంది. నడిమి అరలో, తువ్వాళ్ళకీ దుప్పట్లకీ మధ్య. చుట్టూ గుడ్డ చుట్టి, మూలలు లోపలికి దోపి ఉన్నాయి. గుండెల మీద మడిచిన తువ్వాలు ఒకటి పెట్టి ఉంది. పిల్ల నిద్రపోతోంది.

బయటికి తీసింది. అలమర తలుపు తెరిచే ఉంది. తనెప్పుడూ మూసేస్తుంది. ఇవాళ ఎందుకు మూయలేదో గుర్తుచేసుకోబోయింది, రాలేదు. పెట్టిన సంగతే గుర్తులేదు, తలుపు సంగతి ఎలా గుర్తుంటుంది. గుండె దడదడలాడాలి కదా అని చెయ్యి వేసుకుని చూసుకుంది. మామూలుగానే కొట్టుకుంటోంది. పక్క వీధిలో ఎవరింట్లోనో జరిగిన సంగతి విన్నట్టు ఉంది.

అలమరకి తాళం వేసింది. ముందుగదిలోకి వెళ్ళి, అత్త దారం ఎక్కించుకుంటుంటే, తాళంచెవి గుండీల డబ్బాలో వేసింది. చిన్న చప్పుడయింది. అత్త తలెత్తలేదు.

ఆ తర్వాత ఆమె మడవడం మానేసింది.

బట్టలు ఆరేస్తుంది, తెస్తుంది, మంచం పక్కన కుర్చీలో పోస్తుంది. పిల్లని కింద పెట్టడం కూడా మానేసింది. ఒక చేత్తో పిల్ల, రెండో చేత్తో పని. అన్నం వండేటప్పుడూ అదే, ఇల్లు ఊడ్చేటప్పుడూ అదే. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కితే కుడి చేతికి మార్చేది. గుడ్డలు ఉన్న కుర్చీ పక్కనుంచి పోవలసి వస్తే ఖాళీ చెయ్యి వెనక్కి పెట్టుకుని పోయేది.

కుర్చీ నిండి గుట్టయింది. గుట్ట జారి నేల మీదికి వచ్చింది.

భర్త పొద్దున చొక్కా కోసం వెతికి, గుట్టలోంచి నలిగింది ఒకటి లాగాడు. "ఇస్త్రీ కొట్టు మూసేశారా?" అన్నాడు. ఆమె రేపు చేస్తానంది. మర్నాడూ అదే అడిగాడు, ఆమె అదే చెప్పింది. అతను ఆ చొక్కానే చేత్తో రుద్ది వేసుకుపోయాడు.

అత్త రెండు రోజులు ఊరుకుంది. అలమర తాళంచెవి ఎక్కడుందని అడిగితే కోడలు పోయిందని చెప్పింది. మూడోరోజు అత్త పక్కింటావిడతో, లోపలికి వినబడేలాగే, తన రోజుల్లో బాలింతలు ఎలా చాకిరీ చేసేవాళ్ళో చెప్పింది. పక్కింటావిడ అంతా విని, "అలవాటైనవాళ్ళే ఇట్లా అయితే ఇంక మాబోటివాళ్ళ సంగతేంటి" అంది. అత్తకి ఆ మాట నచ్చలేదు. కోడల్ని తను అనొచ్చు గానీ ఇంకొకరు అనడమేమిటి. ఆ కోపం కూడా కోడలి మీదే చూపించింది.

"గుడ్లగూబకి బద్ధకం పట్టుకుందమ్మాయ్" అంది లోపలికొచ్చి.

"అవునత్తయ్యా" అంది కోడలు.

పోట్లాడితే అత్తకి బాగుండేది. అవునంటే ఏం చేస్తుంది. కుర్చీ దగ్గర కాసేపు నిలబడి, నడుం నొప్పి గుర్తొచ్చి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే లాండ్రీ నుంచి పెద్దక్క వచ్చింది.

పెద్దక్క మోకాళ్ళు పట్టుకుని నడిచే మనిషి. నోట్లో ఎప్పుడూ లవంగం. లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ అయి వచ్చే వేడి రోలరు అవతల పక్క దుప్పట్లు అందుకుని మడిచే బల్ల ఒకటుంది. ఆ బల్ల దగ్గర ఏళ్ళ తరబడి ఈమెకి జోడీ పెద్దక్కే. ఒక కొస ఈమెది, ఒక కొస ఆమెది. విడిపోయి విదిలించడం, దగ్గరికొచ్చి మూలలు అందించడం, కింద మడత అందుకుని మళ్ళీ వెనక్కి పోవడం. మాట్లాడుకోనక్కర్లేదు. ఒకరు కునికితే దుప్పటి మధ్యలో వేలాడుతుంది. రెండోవాళ్ళు చిన్నగా ఒక లాగు లాగుతారు. ఆ లాగుకి మెలకువ వస్తుంది. బల్ల దగ్గర ఒకరినొకరు లేపుకునే పద్ధతి అదొక్కటే. నోటితో పిలిస్తే సూపర్వైజరుకి వినబడుతుంది.

పెద్దక్క బిస్కెట్ల డబ్బా అత్త చేతిలో పెట్టి, పిల్లని చూసి, ముక్కు తండ్రిదంది. లాండ్రీ కబుర్లన్నీ చెప్పింది. రోలరు పట్టీ తెగిందట. ఈమె స్థానంలో కొత్తగా వచ్చినావిడ నిలబడే గురక పెడుతోందట. "గురకయినా ఫరవాలేదు గానీ వదినగారూ, మూల నా చేతికియ్యమంటే నా వేలు పట్టుకుని నడుస్తోంది, గుళ్ళో తప్పిపోయిన పిల్లలా" అంది. అత్త నవ్వింది. కోడలు నవ్వవలసిన చోటు గుర్తుపట్టి, కొంచెం ఆలస్యంగా నవ్వింది.

పెద్దక్క ఆ ఆలస్యం చూసింది.

అత్త బట్టల గుట్ట చూపించి, ఇదీ మీ గుడ్లగూబ సంసారం అంది. పెద్దక్క మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. ఇద్దరం పట్టుకుంటే ఎంతసేపు, పిల్లని కాసేపు మీరు పట్టుకోండి వదినగారూ అంది.

"వద్దు" అంది ఈమె.

ఎందుకని పెద్దక్క అడగలేదు. పిల్లని ఈమె చేతుల్లోంచి తీసి అత్తకిచ్చింది. గుట్టలోంచి పెద్ద దుప్పటి ఒకటి లాగి, రెండు మూలలు ఈమె చేతిలో పెట్టింది. ఈమె చేతులు వాటంతట అవి పట్టుకున్నాయి.

విడిపోయారు, విదిలించారు. దగ్గరికొచ్చారు. రెండో దుప్పటి, మూడోది. నాలుగోదానికి దుప్పటి మధ్యలో వేలాడింది. పెద్దక్క చిన్నగా లాగింది. కొస అవతల ఏమీ కదలలేదు. ఇంకో లాగు లాగింది. ఈమె కళ్ళు తెరిచే ఉన్నాయి. మూలలు గట్టిగానే పట్టుకుని ఉంది. బండరాయికి కట్టిన గుడ్డని లాగినట్టుంది.

పెద్దక్క తన కొస వదలకుండా, దుప్పటి చేతికి చుట్టుకుంటూ చుట్టుకుంటూ దగ్గరికొచ్చింది.

"పిల్లేది?" అంది.

పిల్ల అత్త ఒళ్ళో ఉంది. ఎదురుగానే ఉంది. ఈమె అటు చూడలేదు. మడిచిపెట్టిన మూడు దుప్పట్ల వైపు చూసింది. వంగి పైదాన్ని ఎత్తి, కింద చూసింది. తర్వాత రెండోదాన్ని.

"ఏంటమ్మాయ్, అక్కడేం వెతుకుతున్నావు?" అంది అత్త.

"మొన్న అలమరలో పెట్టానత్తయ్యా" అంది ఆమె. "బట్టలతో పాటు మడిచి పెట్టేశాను. తలుపు తీసే ఉంది."

బియ్యం అయిపోయాయి అన్నట్టు చెప్పింది.

అత్త పిల్లని దగ్గరికి లాక్కుంది. అలమరకి తాళం ఉందిగా, చెవి పోయిందన్నావుగా అంది. అడగవలసింది అది కాదని తనకే తెలుస్తోంది, కానీ నోటికి అదే వచ్చింది.

"పోలేదు. మీ గుండీల డబ్బాలో ఉంది. మళ్ళీ పెడతానేమోనని వేశాను. అందుకే మడవడం లేదు."

పెద్దక్క డబ్బా తెచ్చి అత్త ముందు పెట్టింది. అత్త ఒక చేత్తో పిల్లని పట్టుకుని, రెండో చెయ్యి గుండీల్లోకి దింపింది. తెల్లవి, నల్లవి, నాలుగు కన్నాలవి వేళ్ళ సందుల్లోంచి గలగలమన్నాయి. డబ్బా అడుగున తాళంచెవి చేతికి తగిలింది. తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ డబ్బాలోనే చెయ్యి పెడుతోంది తను.

బద్ధకం మాట ఇంకెవరూ ఎత్తలేదు.

మర్నాడు కాన్పుల ఆసుపత్రికి వెళ్ళారు. భర్త పని మానుకుని వచ్చాడు. పెద్దక్క రాత్రి డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చింది. అత్త పిల్లని ఎత్తుకుంది, ఎవరు అడిగినా ఇవ్వలేదు.

గదిలో చిన్న బల్ల, పిల్లలని తూచే తక్కెడ ఉన్నాయి. నర్సు నడివయసు మనిషి, తొందరలేని మనిషి. అలమర సంగతి అంతా విని అయ్యో అనలేదు. తిండి అడిగింది, ఏడుపు వస్తోందా అని అడిగింది. రావడం లేదంది ఈమె. ఏడుపు వస్తే బాగుండునని ఉందా అంటే, తెలియదంది. నిన్ను నువ్వు ఏదైనా చేసుకోవాలనిపిస్తోందా, పిల్లని చేయాలనిపిస్తోందా అని సూటిగా అడిగింది. లేదంది. అట్లా అనిపించడానికి కూడా లోపల ఎవరో ఉండాలి కదా అనుకుంది గానీ, ఆ మాట పైకి అనలేదు.

"సరే. కడుపుతో కాకముందు నిద్ర ఎట్లా ఉండేదమ్మా?" అంది నర్సు.

ఎవరూ ఏనాడూ అడగని ప్రశ్న అది. ఆమె నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు. మా ఆవిడకి నిద్రతో పని లేదండీ, లాండ్రీలో గుడ్లగూబ అంటారు, ఎన్ని రాత్రిళ్ళయినా నిలబడుతుంది అన్నాడు. ఇంతమందిలో చెప్పుకోదగ్గది తన దగ్గర అదొక్కటే ఉన్నట్టు చెప్పాడు.

"నిలబడేది కాదు బాబూ" అంది పెద్దక్క.

అందరూ ఆమె వైపు చూశారు. పెద్దక్క లవంగం బుగ్గన పెట్టుకుంది.

"కడుపు రాకముందు నుంచే దాని కొస వేలాడేది. నేను లాగేదాన్ని. మొదట్లో ఒక లాగుకి తేరుకునేది, తర్వాత రెండు మూడు కావలసొచ్చేవి. చివర్లో దాని పని కూడా నేనే నా కొస నుంచి ఈడ్చుకొచ్చేదాన్ని. అది నిద్రపోతూనే మూలలు అందించేది. తెల్లారాక, చూశావా పెద్దక్కా, ఇవాళ కూడా రెప్ప వాల్చలేదు అనేది."

"నువ్వెప్పుడు లాగావు?" అంది ఆమె.

"రోజూ."

"నాకు తెలియలేదే."

"చెబితే చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు గూబమ్మా. నీకు ఆ పేరంటే అంత ఇష్టమాయె."

ఆమె తన చేతులు చూసుకుంది. వేళ్ళ కొసలు రోలరు వేడికి ఎప్పుడో గట్టిపడ్డాయి. అన్ని రాత్రులు. ఇన్నాళ్ళూ తనది అనుకున్నది ఒక్కటుంది, అదీ తనది కాదట. బాధ కలుగుతుందేమోనని చూసింది. కలగలేదు. కానీ వీపు కుర్చీకి ఆనింది. గదిలోకి వచ్చినప్పటి నుంచీ ఆనించకుండా కూర్చుంది.

నర్సు ఈమె భర్తకీ అత్తకీ చెబుతున్నట్టు చెప్పింది. ఇది పొగరూ కాదు, బద్ధకమూ కాదు. పిల్ల మీద ప్రేమ లేకపోవడం కాదు. కాన్పు తర్వాత చాలామందికి వచ్చే జబ్బే. ముందు నుంచీ నిద్ర చెడినవాళ్ళకి వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ. నిద్ర లేకపోవడానికి ఎవరూ అలవాటు పడరు, పడ్డామని అనుకుంటారు. డాక్టరమ్మ చూసి మందు ఇస్తుంది, పాలిచ్చే తల్లులకి ఇచ్చే మందే. వారం వారం రావాలి. పిల్లతో ఒక్కత్తినీ వదలకూడదు. మందుకన్నా ముందు రాత్రి నిద్ర కావాలి, ముక్కలు ముక్కలుగా కాదు. రాత్రి పిల్లని ఎవరు చూస్తారు?

భర్త లిఫ్టుల సంగతి చెప్పబోయాడు. గోతి దాకా వచ్చి ఆగిపోయాడు. తల్లి వైపు చూశాడు. తల్లి అతని వైపు చూడటం లేదు.

"ముందు సగం నేను చూస్తా, వెనక సగం వాడు" అంది అత్త. "గుండీలు ఎక్కడికీ పోవు."

నర్సు ఈమెని, ఇంకేమైనా చెప్పాలా అని అడిగింది. పిల్లని తీసేసుకుంటారా అని అడిగింది ఈమె. లేదంది నర్సు. పిల్ల కోసం తాళం వేసుకున్న తల్లి దగ్గర్నుంచి ఎందుకు తీసుకుంటామంది.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. లోపలి గది కిటికీ చట్రానికి రెండు మేకులు ఉన్నాయి. రాత్రి డ్యూటీ రోజుల్లో పగటి వెలుతురు రాకుండా ఆమె అక్కడ కంబళి కట్టుకునేది. పగటిపూట ఇల్లు చీకటి చేసుకోవడమేమిటని అత్త ఒకరోజు విప్పేసి, మడతపెట్టి తన నడుం కింద వేసుకుంది. ఈమె అప్పుడు కూడా సరే అంది.

అత్త తన చాప మీది కంబళి తీసింది. దులిపింది. స్టూలు వేసుకుని ఎక్కి, దాన్ని మేకులకి తగిలించింది. కింది అంచులోంచి వెలుతురు చిమ్ముతుంటే, చొక్కాల కట్ట ఒకటి తెచ్చి అడ్డంపెట్టింది. స్టూలు దిగేటప్పుడు నడుం పట్టుకుని కాసేపు నిలబడి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

ఆమె మందు వేసుకుని పడుకుంది. ముందుగదిలో తల్లీ కొడుకూ బట్టల గుట్ట సంగతి చూస్తున్నారు. దుప్పటి విదిలించిన చప్పుడు తేడాగా వినబడింది.

"నీ మూల వదిలేశావురా."

"నువ్వు లాగావమ్మా."

"లాగకపోతే నేల మీద పడుతోంది. కాస్త వెనక్కి పో."

"వెనక గోడుంది."

వెడల్పున కాదు, పొడవున పట్టుకోవాలి అని ఆమె అందామనుకుంది. రెప్పల వెనక దుప్పటి ఒకటి వచ్చింది. మడవలేదు. అది పోయింది. ఇంకొకటి వచ్చింది. అదీ పోయింది.

మెలకువ వచ్చేసరికి పొద్దునో సాయంత్రమో తెలియలేదు. కంబళి పక్కనుంచి సన్నటి గీతలా వెలుతురు. పాలు కారి జాకెట్టు తడిసి ఉంది. నోరు ఎండిపోయింది. ముందుగదిలో పిల్ల ఏడుస్తోంది, అత్త ఊరుకోబెడుతోంది. "మీ అమ్మ లేవనీ. ఇప్పుడే వద్దు. నేనున్నాగా, నేనేమన్నా పులినా" అంటోంది.

ఆమె అలాగే పడుకుని, ఏదైనా వస్తుందేమోనని ఎదురుచూసింది. పిల్ల ఏడుపు వింటే తల్లికి వస్తుందంటారే, అది. రాలేదు. కడుపులో మాత్రం ఏదో మెలిపెట్టింది. అదేమిటో పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది.

"అత్తయ్యా, ఆకలేస్తోంది" అంది.

గొంతు తనదిలా లేదు. అవతల గిన్నె చప్పుడయింది. అత్త ఒక చేతిలో అన్నం పళ్ళెం, ఒక చేతిలో పిల్లతో వచ్చింది. పళ్ళెం ఆమె ఒళ్ళో పెట్టింది. పిల్లని ఇవ్వలేదు. మంచం చివర, పిల్లని పట్టుకునే కూర్చుంది.

ఆమె తింది. మెల్లగా, వేళ్ళ కొసలతో. రుచి పెద్దగా తెలియలేదు గానీ వేడి తెలిసింది. పిల్ల ఏడుపు ఆపి వెక్కుతోంది. అత్త ఏదో గొణుగుతూ పిల్ల కాళ్ళు నిమురుతోంది. కోడలి ముఖంలోకి చూడటం లేదు.

కాళ్ళ మీద ఉన్న దుప్పటి కదిలింది.

చిన్న లాగు. అంచు ఎక్కడో పిల్ల గుప్పిట్లో ఇరుక్కుని ఉంటుంది. ఆమె తింటున్న చెయ్యి ఆగింది. దుప్పటి మళ్ళీ కొంచెం బిగిసింది.

ఆమె ఎడమ చేత్తో తనవైపు కొస పట్టుకుని, చిన్నగా తిరిగి లాగింది.